గోకుడు ఆగితే రోగం పోయినట్టేనా?

నెల్లూరులోగానీ, కావలిలోగానీ, ఒంగోలులోగానీ కాస్త రద్దీగా ఉండే మందుల షాపు దగ్గర సాయంత్రం పూట కాసేపు నిలబడితే ఒక బేరం తప్పకుండా కంటపడుతుంది. "అన్నా, తొడల సందులో ఒకటే దురద, మంచి ట్యూబేదన్నా ఉంటే ఇయ్యి" అని ఒకరు గొంతు తగ్గించి అడుగుతారు. కౌంటరు వెనకున్న మనిషి ఫోను మాట్లాడుతూనే అరలోంచి ఒక ట్యూబు తీసి ముందు పెడతాడు. ఎన్నాళ్ళ నుంచి ఉంది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, రాత్రిపూట ఎక్కువవుతుందా, షుగరు ఉందా, ఇంతకుముందు ఏం పూశావు అనే ప్రశ్నల్లో ఒక్కటీ రాదు. నిమిషం కూడా పట్టని ఈ బేరమే మన ప్రాంతంలో చర్మవ్యాధులు ఇంత మొండికేయడానికి పెద్ద కారణమని నా అభిప్రాయం. దురదను ఆపడం వేరు, దురద పుట్టించే రోగాన్ని కుదర్చడం వేరు. మొదటి పనిని బ్రహ్మాండంగా చేస్తూ రెండో పనికి అడ్డుపడే మందునే మనం "మంచి ట్యూబు" అంటున్నాం.

ఆ ట్యూబులో సాధారణంగా ఉండేది మూడు నాలుగు మందుల మిశ్రమం. శిలీంధ్రాన్ని చంపే మందు ఒకటి, బాక్టీరియాను చంపే యాంటిబయాటిక్ ఒకటి, వీటితో పాటు క్లోబెటసాల్ లేదా బీటామెథసోన్ వంటి బలమైన స్టెరాయిడ్ ఒకటి. ఏ రోగమైనా ఏదో ఒకటి తగలకపోతుందా అన్న ధీమాతో తయారైన మందు ఇది. పూసిన రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, ఎర్రదనం పోతుంది, మనిషికి హాయిగా నిద్ర పడుతుంది. అయితే ఆ సుఖాన్నిచ్చింది స్టెరాయిడ్ మాత్రమే. చర్మంలోకి శత్రువు చొరబడినప్పుడు శరీరం చేసే పోరాటం వల్లనే ఎరుపు, వాపు, దురద పుడతాయి. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని అణచివేస్తుంది. తామర వంటి శిలీంధ్ర రోగానికి అంతకంటే కావలసిందేముంది? చెదలు పట్టిన దూలానికి సున్నం కొట్టినట్టు పైకి అంతా శుభ్రంగా కనిపిస్తుంది, లోపల తినేది తింటూనే ఉంటుంది. ట్యూబు మానేసిన వారానికి దురద రెట్టింపై తిరిగొస్తుంది. అప్పుడు మనిషి, పాపం, తనకు పనిచేసిన మందు అదేనని నమ్మి మళ్ళీ అదే కొంటాడు.

మా వీధిలో ఆటో నడిపే కుర్రవాడి నడుము, తొడలు నేను దగ్గర నుంచి చూశాను. మామూలు తామర గుండ్రంగా, అంచు ఎర్రగా పైకి లేచి, మధ్యలో చర్మం కొంత తేటపడి, అంచు మీద సన్నని పొట్టుతో ఉంటుంది. చూసి పోల్చుకోవడం కష్టం కాదు. ఇతనికి మాత్రం ఒక వలయంలో మరో వలయం, దాని పక్కన సగం చెరిగిన వలయం, మధ్యలో ఎక్కడా తేటదనం లేని నల్లటి పట్టీ కనిపించాయి. తొడల లోపలి వైపు, కాన్పైన ఆడవాళ్ళ పొట్ట మీద ఉండే చారల వంటివి, వేలెడంత వెడల్పున తెల్లగా సాగి ఉన్నాయి. ఆ చారలు తామర వల్ల వచ్చినవి కావు, ట్యూబు వల్ల వచ్చినవి. తామర తగ్గినా అవి పోవు. ఆటోలో స్టీరింగు కింద ఉన్న చిన్న అరలో, పన్ను రసీదుల మధ్య, చివరి చుక్క వరకు పిండి చాప చుట్టినట్టు చుట్టిన ట్యూబు అప్పుడు కూడా ఉంది. చర్మవ్యాధుల డాక్టర్లు ఇలా వేషం మార్చిన తామరకు ప్రత్యేకంగా పేరే పెట్టుకున్నారంటే ఇది ఎంత మామూలైపోయిందో ఊహించుకోవచ్చు.

గజ్జల దగ్గర ఈ నష్టం ఎక్కువగా ఎందుకు జరుగుతుందో 1967లోనే లెక్క తేలింది. స్టెరాయిడ్‌ను శరీరంలోని వేర్వేరు చోట్ల పూసి ఎంత లోపలికి ఇంకుతుందో కొలిచినప్పుడు, ముంజేతి చర్మంతో పోలిస్తే నుదుటి చర్మం 6 రెట్లు, దవడ దగ్గరి చర్మం 13 రెట్లు, వృషణాల మీది చర్మం ఏకంగా 42 రెట్లు ఎక్కువగా పీల్చుకుంది. అరికాలు మాత్రం ముంజేతి కంటే ఏడో వంతే పీల్చుకుంది. అంటే అరికాలి మీది మందపాటి ఎగ్జిమాకు డాక్టరు రాసిచ్చిన మందునే మొగుడు గజ్జలకు, పెళ్ళాం ముఖానికి, అమ్మమ్మ పసివాడి పిరుదులకు పూస్తే, ఒకే ట్యూబు నాలుగు వేర్వేరు మోతాదులుగా మారుతుంది. పసిపిల్లలకు రోజుల తరబడి పూస్తే అది రక్తంలో కలిసి ఒళ్ళంతటి మీద ప్రభావం చూపగలదు. ముఖానికి అలవాటైతే, మానిన వెంటనే మంట, ఎరుపు, మొటిమలు మొదలై, మానలేని స్థితి ఏర్పడుతుంది. రంగు తేలడానికని పెళ్ళికూతుళ్ళు రాసుకునే క్రీముల్లో ఇదే మందు దాగి ఉన్న సందర్భాలున్నాయి. ఆ విషయం ఇంకో వ్యాసానికి సరిపడేంత ఉంది కనుక ఇక్కడ వదిలేస్తున్నాను.

తప్పంతా ట్యూబుదేనని అనడం కూడా సరికాదు. శిలీంధ్రమూ మారింది. ఒకప్పుడు రెండు వారాలు మందు రాస్తే పోయే తామర ఇప్పుడు నెలల తరబడి పీడించడానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే కొత్త రకం శిలీంధ్రం ఒక కారణం. భారత్, నేపాల్ దేశాల రోగుల నుంచి తీసిన నమూనాల ఆధారంగా జపాన్ శాస్త్రజ్ఞులు 2020లో దానికి ఆ పేరు పెట్టారు. ఏళ్ళుగా తామరకు మొదట రాసే టెర్బినాఫిన్ మాత్రకు ఇది చాలా సందర్భాల్లో లొంగడం లేదు. ఆ మందు ఏ ఎంజైము మీద పనిచేయాలో ఆ ఎంజైములోనే మార్పులు వచ్చాయి. ఇప్పుడది ఇతర దేశాలకూ పాకింది. ఇలాంటి శిలీంధ్రానికి స్టెరాయిడ్ తోడైతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. స్టెరాయిడ్ కలిపిన ట్యూబుల విచ్చలవిడి వాడకం ఈ పరిస్థితికి దోహదం చేసిందని చర్మవైద్యుల్లో చాలామంది అంటారు. నాకూ అది నిజమనే అనిపిస్తుంది.

చట్టం లేకపోలేదు. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల పైపూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్ జాబితాలో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. అదే ఏడాది సెప్టెంబరులో 328 మిశ్రమ మందులను నిషేధించినప్పుడు, స్టెరాయిడ్‌తో రెండు మూడు మందులు కలిపిన చర్మపు క్రీములు కొన్ని ఆ జాబితాలో ఉన్నాయి. నిషేధించిన మిశ్రమం పోతే, దాని బదులు ఒక మందు మార్చిన మరో మిశ్రమం అరలోకి వచ్చింది. అట్ట మీద ఆర్‌ఎక్స్ గుర్తు ఉంటుంది, చీటీ మీదే అమ్మాలన్న హెచ్చరిక సన్న అక్షరాల్లో ఉంటుంది, చీటీ మాత్రం ఎవరూ అడగరు.

అయితే షాపు యజమానిని ఒక్కడినే దోషిగా నిలబెట్టడం నాకు న్యాయంగా తోచదు. ఉదయగిరి వైపు పల్లె నుంచి నెల్లూరుకు వచ్చి చర్మవ్యాధుల డాక్టరును చూడాలంటే దాదాపు వంద కిలోమీటర్ల ప్రయాణం, ఒక రోజు కూలి, బస్సు చార్జీలు, ప్రైవేటు డాక్టరైతే ఫీజు, పరీక్షలు. పశ్చిమ ప్రకాశం నుంచి ఒంగోలుకు వచ్చేవాళ్ళ సంగతీ అంతే. గోకుడు కోసం ఇంత ఖర్చు పెట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది? పైగా గజ్జల్లో దురదంటే సిగ్గు. ఆడవాళ్ళయితే రొమ్ముల కింద, చీరకట్టు దగ్గర పాకిన తామరను నెలల తరబడి భర్తకు కూడా చెప్పరు. ఊళ్ళో ఉన్న ఆర్‌ఎంపీ దగ్గరకు వెళితే, పిరుదుకు ఒక ఇంజెక్షన్ వేస్తాడు, సాయంత్రానికి దురద మాయమవుతుంది. అదీ తరచుగా స్టెరాయిడే. ఊళ్ళో అతనికి మంచి హస్తవాసి ఉందని పేరొస్తుంది.

మరి తామరకు సరైన వైద్యమేమిటి? స్టెరాయిడ్ లేని, ఒక్క శిలీంధ్ర నాశని మాత్రమే ఉన్న పూత మందు కావాలి. మచ్చ మీదే కాక దాని అంచు దాటి 2 సెంటీమీటర్ల వరకు రాయాలి. మచ్చ కనబడకుండా పోయాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్ళు, కనీసం మరో రెండు వారాలైనా, రాస్తూనే ఉండాలి. ఒళ్ళంతా పాకితే, పదే పదే తిరగబెడితే ఇట్రాకొనజోల్ వంటి మాత్రలు అవసరమవుతాయి. కాలేయం, గుండె పరిస్థితి, వాడుతున్న ఇతర మందులు చూసి డాక్టరే వాటిని రాయాలి. మందు సగం పని మాత్రమే చేస్తుంది, మిగతా సగం బట్టల దగ్గర ఉంది. మన దగ్గర మగవాళ్ళ మొలతాడు ఏళ్ళ తరబడి నడుముకు అంటుకుని, చెమటకు నాని, సబ్బు నురగకు తడిసి, ఎప్పుడూ పూర్తిగా ఆరదు. నడుము చుట్టూ తామర ఉన్నవాడు దాన్ని తీసేయాలని డాక్టర్లు చెబుతారు. ఆచారమని ఇష్టపడనివారు కనీసం రోగం తగ్గేదాకా తీసి, తర్వాత కొత్తది కట్టుకోవచ్చు. రోహిణి కార్తెలో సైతం బిగుతు జీన్సు తొడుక్కునే కుర్రకారుకు వదులు లుంగీయో, పల్చటి నూలు ప్యాంటో చెప్పడం వైద్యంలో భాగమే. లోదుస్తులు, తువ్వాలు ఎవరివి వాళ్ళకే ఉండాలి. ఉతికి, తిరగేసి, ఎండలో ఆరేయాలి. ఇంట్లో ఇద్దరికి తామర ఉంటే ఇద్దరూ ఒకేసారి వైద్యం చేయించుకోవాలి. లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

ఇంటిల్లిపాదీ ఒకేసారి అన్న మాట గజ్జి విషయంలో మరీ ముఖ్యం. దానికీ ఆ ట్యూబే అమ్ముడుపోవడం ఇంకో విషాదం. గజ్జి శిలీంధ్రం కాదు. కంటికి ఆనని పురుగు చర్మం పై పొరలో సొరంగం తవ్వి గుడ్లు పెట్టడం వల్ల వచ్చే రోగం. మామూలు గజ్జిలో ఒంటి మీద మొత్తం 10 నుంచి 15 పురుగులే ఉంటాయి. ఒళ్ళంతా దురద పుట్టేది వాటికీ, వాటి మలానికీ, గుడ్లకూ మన శరీరం ఎదురు తిరగడం వల్ల. అందుకే మొదటిసారి సోకినప్పుడు 4 నుంచి 6 వారాల దాకా దురదే ఉండదు. ఈలోగా పక్కలో పడుకున్నవాళ్ళందరికీ అంటుకుంటుంది. రాత్రి పడుకున్నాక దురద పెరగడం, వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ, మర్మాంగాల మీద చిన్న పొక్కులు ఉండడం, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కోవడం, ఈ మూడూ కలిస్తే గజ్జిని అనుమానించాలి. ఆ ముగ్గురు నలుగురిని వరుసగా కూర్చోబెట్టి చేతివేళ్ళు చాపించి చూస్తే రోగం సగం తెలిసిపోతుంది. ప్రభుత్వ వసతిగృహాల్లో పిల్లలు ఒకే గదిలో చాపలు ఆనించి పడుకుంటారు కనుక ఒకడికి సోకితే గదంతా సోకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. జాబితాలో చేరిందే గానీ మన దగ్గర నిర్లక్ష్యం తగ్గినట్టు లేదు.

దీనికి పర్మెత్రిన్ 5 శాతం క్రీము ఉంది. వైద్యం చాలా తేలిక, చేసే పద్ధతిలోనే తప్పులు దొర్లుతాయి. పొక్కులున్న చోట కాదు, మెడ నుంచి కాలి గోళ్ళ దాకా, వేళ్ళ సందులు, బొడ్డు, పిరుదుల మధ్య, గోళ్ళ కింద ఎక్కడా వదలకుండా రాత్రి పూసుకుని, 8 నుంచి 14 గంటలు ఉంచి, పొద్దున స్నానం చేయాలి. మధ్యలో చేతులు కడిగితే మళ్ళీ చేతులకు పూసుకోవాలి. వారం తర్వాత ఇంకోసారి. పసివాళ్ళకు తల మీద, ముఖం మీద కూడా రాయాల్సి ఉంటుంది కనుక డాక్టరును అడగాలి. దురద లేకపోయినా ఇంట్లో అందరూ అదే రాత్రి పూసుకోవాలి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్ళలో ఉతకాలి. ఉతకలేనివాటిని పాలిథిన్ సంచిలో మూట కట్టి కనీసం మూడు రోజులు, కుదిరితే వారం, పక్కన పెట్టాలి. మనిషి ఒంటి నుంచి విడిపోయిన పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. ఐవర్‌మెక్టిన్ మాత్రలు కూడా బరువును బట్టి రెండు విడతలుగా ఇస్తారు. గర్భిణులకు, 15 కిలోల లోపు పిల్లలకు మామూలుగా ఇవ్వరు. ఇంకొక మాట ముందే చెప్పకపోతే మనిషి మళ్ళీ ట్యూబు వైపు పరుగెత్తుతాడు. పురుగు చచ్చాక కూడా రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉండవచ్చు. చచ్చిన పురుగు శిథిలాలు చర్మంలో ఉన్నంతకాలం శరీరం ఊరుకోదు. అంతమాత్రాన మందు పనిచేయలేదని కాదు.

స్టెరాయిడ్ అంటేనే విషమని నేను అంటున్నానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అది సరైన మందు అయ్యే రోగాలు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. వయ్యారిభామ ఒక ఉదాహరణ. 1950ల్లో దిగుమతి చేసుకున్న గోధుమలతో దేశంలోకి వచ్చిందని చెప్పే ఈ మొక్క ఇప్పుడు కాలువ గట్ల మీద, బీడు భూముల్లో, రైలు పట్టాల పక్కన నడుము ఎత్తున పెరుగుతుంది. దానిలోని పార్థెనిన్ అనే పదార్థం పడనివాళ్ళకు, ఎండిన మొక్క పొడి గాలిలో లేచినా చాలు, కనురెప్పలు వాచి, మెడ మడతలు, మోచేతి మడతలు నల్లగా మందమై, నిద్రపట్టని దురద పుడుతుంది. చొక్కా కప్పిన చోట బాగుండి, కప్పని చోట మాత్రమే ఇలా ఉంటే డాక్టర్లకు వెంటనే అనుమానం వస్తుంది. దీనికి తగిన బలమున్న స్టెరాయిడ్ తగినన్ని రోజులు కావాల్సిందే, దాంతోపాటు ఆ మొక్కకు దూరంగా ఉండడమూ కావాల్సిందే. చేతికి గ్లౌజులు లేకుండా పీకి కుప్ప పోయడం ఆ మనిషి చేయకూడని పని. సిమెంటులోని క్రోమియం పడని బేల్దారి చేతులు, ఇమిటేషన్ నగల్లోని నికెల్ పడని మెడలు, జుట్టు రంగులోని రసాయనం పడని నుదుళ్ళు, పొగాకు కోసే చేతులు, రొయ్యల గుంటల్లో, వరి మళ్ళలో గంటల తరబడి నానే కాళ్ళు, ఇవన్నీ వృత్తి నుంచో అలవాటు నుంచో వచ్చే దురదలు. "ఏం పని చేస్తావు?" అని అడగనివాడికి ఇవి అంతుబట్టవు.

ఇక పత్యం సంగతి. దురద అనగానే మన ఇళ్ళలో చేపల పులుసు, వంకాయ, గోంగూర, ఎండుచేప బంద్. నెల్లూరు మనిషిని చేపల పులుసుకు దూరం పెట్టడం చిన్న శిక్ష కాదు. తామరకూ గజ్జికీ తిండితో సంబంధం లేదు, ఏళ్ళ తరబడి వంకాయ మానినా అవి పోవు. అయితే పెద్దవాళ్ళ మాటలో అసలు నిజమే లేదని కొట్టిపారేయడానికీ వీల్లేదు. రొయ్య, పీత మాంసంలోని ఒక ప్రోటీను కొందరికి పడదు. తిన్న కొద్దిసేపట్లోనే ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. అలాంటివాళ్ళు జీవితాంతం మానడమే మంచిది. ఇంకొకటి అందరికీ జరగవచ్చు. కానాగంతలు, తూర వంటి చేపలను పట్టాక ఐసులో సరిగా ఉంచకపోతే బాక్టీరియా వాటి కండలో హిస్టమిన్ తయారుచేస్తుంది. వండినా అది పోదు. ఆ పులుసు తిన్నవాళ్ళందరికీ ముఖం ఎర్రబడి, దద్దుర్లు వచ్చి, గుండె దడదడలాడుతుంది. ఇది అలర్జీ కాదు, చేప చెడిపోవడం. ఇంట్లో ఒక్కరికే వస్తే ఒక కథ, తిన్నవాళ్ళందరికీ వస్తే ఇంకో కథ. దద్దుర్లతో పాటు పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా మాత్రతో సరిపెట్టుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇంటి వైద్యాల్లో వేపాకు స్నానం చెమటపొక్కులకు చల్లగా ఉంటుంది. దానితో గజ్జి పోదు, పోనీ హాని కూడా పెద్దగా లేదు. పచ్చి వేపాకు, పసుపు ముద్ద నూరి పగిలిన చర్మానికి పట్టిస్తే మాత్రం మంట పెరుగుతుంది. నల్లజీడి రసం రాసి తామరను కాల్చేయాలనుకునే అలవాటు ఇంకా కొన్ని పల్లెల్లో ఉంది. చాకలివాళ్ళు బట్టలకు గుర్తు పెట్టే ఆ రసం చర్మాన్ని నిజంగానే కాలుస్తుంది, నీటిబుగ్గలు లేచి మచ్చలు మిగులుతాయి. స్నానపు నీళ్ళలో క్రిమినాశక ద్రవం కలపడమూ మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. ముసలివాళ్ళకు, ముఖ్యంగా సంక్రాంతి ముందు చలిగాలికి, ఒళ్ళు పొడిబారి వచ్చే దురదకు ఇలాంటి ప్రయోగాలు అసలే పనికిరావు. మన చర్మం సహజంగా కొద్దిగా ఆమ్లగుణంతో ఉంటుంది, మామూలు సబ్బు క్షారం. సెగలు కక్కే వేడినీళ్ళు, రెండుసార్లు సబ్బు, పీచుతో రుద్దుడు కలిసి చర్మంలో ఉన్న కాస్త జిడ్డునూ ఊడ్చేస్తాయి. గోరువెచ్చని నీళ్ళు, అవసరమైన చోట మాత్రమే సబ్బు, ఒళ్ళు తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె లేదా పెట్రోలియం జెల్లీ, ఇంతకంటే ఖరీదైన వైద్యం ఆ దురదకు చాలాసార్లు అక్కర్లేదు.

ఒంటి మీద ఏమీ కనబడకుండా దురద పెడితే దాన్ని వేరే దృష్టితో చూడాలి. మా మేనత్తది కనిగిరి వైపు పల్లె. ఆమె వీపు మీద, కాళ్ళ మీద గోళ్ళ గీతలు తప్ప మచ్చ గానీ పొక్కు గానీ ఉండేవి కాదు. నెలల తరబడి ఒకరిచ్చిన ట్యూబు తర్వాత ఒకరిచ్చిన ట్యూబు పూసింది. చివరికి రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ పెరిగి, మూత్రపిండాలు చాలావరకు దెబ్బతిన్నాయని తేలింది. ఆ ప్రాంతపు కిడ్నీ రోగుల గురించి పత్రికల్లో తరచు చదువుతూనే ఉన్నా, వీపు గోక్కోవడానికీ కిడ్నీకీ సంబంధముంటుందని ఆమెకు చెప్పినవారు లేరు. మూత్రపిండాల జబ్బులో వచ్చే దురదకు సిట్రజిన్ వంటి అలర్జీ మాత్రలు పెద్దగా పనిచేయవు. చర్మాన్ని తేమగా ఉంచడం, అవసరమైతే నరాల మీద పనిచేసే గాబాపెంటిన్‌ను మూత్రపిండాల స్థితిని బట్టి అతి తక్కువ మోతాదులో ఇవ్వడం కొంత ఉపశమనమిస్తాయి. కాలేయం నుంచి పైత్యరసం సరిగా దిగకపోయినా, థైరాయిడ్ తేడా చేసినా, ఇనుము తక్కువైనా, అరుదుగా రక్తానికి, లింఫు గ్రంథులకు సంబంధించిన క్యాన్సర్లలోనూ ఇలాంటి దురద వస్తుంది. ఆరు వారాలు దాటిన దురదను దీర్ఘకాలిక దురద అంటారు. దద్దు లేకుండా అంతకాలం సాగితే రక్తకణాల లెక్క, క్రియాటినిన్, కాలేయ పరీక్ష, షుగరు, థైరాయిడ్ చూపించుకోవాలి. గర్భిణికి చివరి నెలల్లో అరచేతులు, అరికాళ్ళు రాత్రిపూట విపరీతంగా దురద పెడితే వేడి చేసిందని సరిపెట్టకూడదు. అది కాలేయంలో పైత్యరసం నిలిచిపోవడం కావచ్చు, కడుపులో బిడ్డకు ప్రమాదం. పైత్య ఆమ్లాల పరీక్షతో తెలుస్తుంది. (అన్నట్టు, స్పర్శ తెలియని, దురద కూడా పుట్టని పాలిపోయిన మచ్చను మాత్రం గోకుడు లేదు కదా అని వదిలేయకూడదు. కుష్ఠు అలాగే మొదలవుతుంది.)

అలర్జీ మాత్రల గురించి రెండు మాటలు. హిస్టమిన్ వల్ల వచ్చే దద్దుర్లకు అవి సరైన మందు. ఆ దద్దు ఒక్కొక్కటీ ఒకచోట 24 గంటలకు మించి ఉండకుండా మాయమై మరోచోట లేస్తుంది. తామరకూ గజ్జికీ అవి చేసేది చాలా తక్కువ. పాతకాలపు అవిల్ వంటివి దురదను తగ్గించినట్టు అనిపించడం చాలావరకు నిద్ర పట్టించడం వల్లనే. తెల్లవారి ట్రాక్టరో, ఆటోనో నడిపేవాడికి ఆ మత్తు మంచిది కాదు.

నేను అడిగేది పెద్ద సంస్కరణ కాదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పర్మెత్రిన్, స్టెరాయిడ్ లేని తామర మందు, పెట్రోలియం జెల్లీ ఏడాది పొడవునా దొరకాలి. ఇంటిల్లిపాదికి సరిపడా ఇవ్వాలి, మనిషికొక ట్యూబు చొప్పున లెక్కపెట్టి కాదు. గ్రామాల్లో ఇప్పటికే ఇ-సంజీవని ద్వారా వీడియోలో డాక్టరుతో మాట్లాడించే ఏర్పాటు ఉంది. కంటితో చూసి చాలావరకు చెప్పగలిగే రోగాలు కనుక చర్మవ్యాధులకు అంతకంటే అనువైన పద్ధతి లేదు. నెల్లూరు, ఒంగోలు పెద్దాసుపత్రుల చర్మ విభాగాలు వారానికి ఒక పూట దానికి కేటాయించినా ఉదయగిరి మనిషికి బస్సు చార్జీ, ఒక రోజు కూలి మిగులుతాయి. ఔషధ నియంత్రణ అధికారులు షాపుల్లో తనిఖీకి వచ్చినప్పుడు గడువు తేదీలతో పాటు స్టెరాయిడ్ ట్యూబులు ఎన్ని కొన్నారు, ఎన్ని చీటీల మీద అమ్మారు అనేవి కూడా సరిపోల్చాలి. అప్పటిదాకా కొనేవాళ్ళు చేయగలిగింది ఒకటుంది. ట్యూబు చేతికివ్వగానే డబ్బులు తీయకుండా, "అన్నా, ఇందులో స్టెరాయిడ్ ఉందా? లేనిది ఇయ్యి" అని అడగవచ్చు.